వేరు గుల్ల, పడవ గుల్ల

మా వదిన యాందే నోరు మంచిది కాదు. ఆ సంగతి మా దీవిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నేను దిబోర్‌ని, ఆమెకు ఆడపడుచుని, ఒకే పడవలో కూర్చుని ఒకే పాయలో ఆల్చిప్పలు ఏరుకుని బతికినదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తిట్టే మనిషి చెడ్డదనీ, మెత్తగా మాట్లాడే మనిషి మంచివాడనీ లోకం అనుకుంటుంది. అనుకోనివ్వండి. నాకు మాత్రం మెత్తటి మాటలంటే ఇప్పటికీ ఒళ్ళు మంట. సిబెత్ పోయినప్పటి నుంచీ అంతే.

సిబెత్ మా మనిషి కాదు. మేము సెరేర్లం, ఆమె జోలా. గాంబియా అవతల, కాసమాన్స్ వరిమళ్ళ మనిషి. వాళ్ళ వరికోతలు అయిపోగానే జోలా ఆడవాళ్ళు పడవలెక్కి మా సలూం దీవులకు వస్తారు. మడ అడవి అంచున పాకలు వేసుకుని, మళ్ళీ మొదటి వాన పడేదాకా ఆల్చిప్పలు ఏరి, ఉడికించి, ఎండబెట్టుకుని పోతారు. మాకూ వాళ్ళకూ తాతల నాటి నుంచి ఒక వరస ఉంది. మా లెక్కలో వాళ్ళు మాకు బానిసలు, వాళ్ళ లెక్కలో మేము వాళ్ళకు బానిసలం. ఎదురుపడితే తిట్టుకోవాలి. తిడితే కోపం తెచ్చుకోకూడదు. పెళ్ళిలోనూ అంతే, చావులోనూ అంతే. బావామరుదుల వేళాకోళం లాంటిదే, కాకపోతే రెండు జాతులకు జాతులే వరసైనవాళ్ళం.

సిబెత్ మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు మా పాయ సంగతి తెలియదు. ఆటుకు నీళ్ళు తీసి మడవేళ్ళు బయటపడగానే కత్తితో వేరుకు వేరే నరికి పడవలో వేసుకుంటోంది. ఒక్కో వేరు నిండా ఆల్చిప్పలే, పెద్దవీ చిన్నవీ కలిపి. మా వదిన పడవలోంచి బురదలోకి ఒక్క దూకు దూకింది.

"ఎవర్నడిగి కోశావే?"

సిబెత్ తలెత్తి కూడా చూడలేదు. "నా బానిస పాయలో నేను కోసుకోవడానికి ఎవర్నడగాలి?" అంది.

ఆ రోజంతా తిట్టుకున్నారు. సాయంత్రానికి ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నారు. వేరు నరక్కూడదనీ, పెద్ద గుల్లను మాత్రం కత్తి వెనకవైపుతో తట్టి ఊడదీసి పిల్ల గుల్లల్ని వదిలెయ్యాలనీ మా వదిన నేర్పింది. నేర్పడమంటే మెత్తగా కాదు, ఒక్కో మాటకు ఒక్కో తిట్టు చేర్చి నేర్పింది. ఆల్చిప్ప పుట్టగానే కాళ్ళున్నదానికి మల్లే నీళ్ళలో తిరుగుతుందట, కంటికి ఆనదు కానీ తిరుగుతుందట. తనకు నచ్చిన చోటు దొరికేదాకా తిరిగి, ఒక్కసారి అంటుకుంటుంది. ఇక కదలదు. ఎండలో నీళ్ళు తీసేసినా నోరు మూసుకుని అక్కడే ఉంటుంది. ఎక్కువగా చచ్చిపోయిన పెద్దల గుల్లలనే వెతుక్కుంటుంది అంటుకోవడానికి. అందుకే మేము తిన్న గుల్లలకు బెజ్జాలు పెట్టి, తాడుకు దండలు గుచ్చి, వానాకాలం ముందు పాయలో గుంజలకు వేలాడదీస్తాం.

అంతా విని సిబెత్, "అంటే అచ్చం నీలాగే అన్నమాట, నోరు మూసుకోవడం ఒక్కటి తప్ప" అంది.

వదిన ఊరుకుంటుందా. "నువ్వేమో పడవ గుల్లవి" అంది. పడవల అడుగున పట్టే తెల్ల గుల్లలు లేవూ, పడవ ఎటు పోతే అటు ఊళ్ళు తిరుగుతూ, గీకినా వదలకుండా. అప్పటి నుంచి ఒకరు వేరు గుల్ల, ఒకరు పడవ గుల్ల. సిబెత్ ప్రతి ఏడూ పోతూ పోతూ ఒక గోతం నిండా ఖాళీ గుల్లలు మోసుకుపోయేది. బానిస సొమ్ము దోచుకుపోతున్నానని పాయ పొడుగునా కేకలు వేసేది. సున్నం కాల్చి ఇంటికి వేసుకుంటుందని మేము అనుకునేవాళ్ళం. నీ ఇల్లు తెల్లబడితే నీ మొహం తెల్లబడుతుందా అని వదిన ఎగతాళి చేసేది.

ఇక జెగాన్ సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ కథ నడవదు. వదినకు ఒక్కడే కొడుకు. వలకు పోయాడు. పాయ సముద్రంలో కలిసే చోట పడవ తిరగబడింది. పడవ దొరికింది, వల దొరికింది, పిల్లవాడు దొరకలేదు.

ఇంటి నిండా జనం. దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు, ఓర్చుకో తల్లీ, అని అందరూ నెమ్మదిగా, వెన్నలా మాట్లాడారు. వదిన ఏడవలేదు. తినలేదు. పాయ ఒడ్డున నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. నా కళ్ళముందే ఆరిపోతోంది, నాకేం చేయాలో తెలియలేదు.

అప్పుడు సిబెత్ తన పాక వదిలి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా ఇంట్లోకి పోయి, జెగాన్ పండక్కి కుట్టించుకున్న చొక్కా తీసి తొడుక్కుంది. వాడిలా భుజం ఎగరేస్తూ వాకిట్లో నడిచింది. వాడి గొంతుతో, "అమ్మా, మళ్ళీ సజ్జన్నమేనా? ఈ ఇంట్లో ఆ జోలా ఆవిడ ఒక్కతే మంచి వంట చేస్తుంది" అంది. వాడు నిజంగా అనే మాట అది. ముసలివాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. వదిన ఒడ్డు మీంచి లేచి వచ్చి, వాకిట్లో ఉన్న చెప్పు తీసి, సిబెత్‌ను ఎడాపెడా కొట్టింది. సిబెత్ కొట్టించుకుంది. కొట్టి కొట్టి ఆ చొక్కా పట్టుకుని వదిన అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు వినలేక నేను పెరట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ఒకే పళ్ళెంలో అన్నం తింటున్నారు.

చెయ్యి కడుక్కుంటూ సిబెత్ అన్న మాట నాకు బాగా గుర్తు. "నా వంతు వచ్చినప్పుడు నువ్వు కూడా ఇలాగే రావాలి. మెత్తటి మాటలు తెచ్చావంటే ఊరుకోను." వదిన సరేనంది.

ఆ తరువాత వదిన దీవి దాటలేదు. మేనకోడలి పెళ్ళికి దాటలేదు, పన్ను నొప్పితో చెంప వాచినప్పుడూ దాటలేదు. పోటు నీళ్ళు లోపలికి వచ్చే వేళకు ఎక్కడున్నా పాయ ఒడ్డుకు వచ్చేది. ఎందుకని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయినేడు వానలు తగ్గాక లాతీర్ పడవ వచ్చింది. లాతీర్ మా వాడే, ఎండుచేపలు వేసుకుని కాసమాన్స్ తీరం దాకా పోయి వస్తుంటాడు. మంచివాడు. చీమకు కూడా దారి ఇచ్చే రకం. సిబెత్ పంపే కబుర్లన్నీ అతనే తెచ్చేవాడు. ఒక ఏడు తనను మొసలి మింగిందనీ, ఇంకో ఏడు వాళ్ళ పట్నం జిగించోర్‌లో పెద్ద దొరను మనువాడాననీ కబురు పంపింది. ఆ రోజు లాతీర్ ఒడ్డుకు వస్తూనే, "అక్కా, నీ బానిస చావబోతోందట. యజమానురాలివి నువ్వే వచ్చి గొయ్యి తవ్వాలట. వాళ్ళ ఊళ్ళో పారలు మొండివట" అన్నాడు. ఆ మాట అతనికి తోవలో ఎవరో చేపలవాళ్ళు అందించారు, సిబెత్‌ను అతను చూడలేదు.

ఒడ్డున ఉన్నవాళ్ళందరం పడీ పడీ నవ్వాం. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను.

వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నా సెలవు లేకుండా చావడానికి వీల్లేదని చెప్పు. ఆల్చిప్పల కాలం మొదలవుతోంది, ముందు వచ్చి పని చూడమను. చావు సంగతి వానల్లో చూద్దాం" అంది. లాతీర్ ఆ మాట పట్టుకుని, దారిలో ఆగవలసిన రేవులన్నీ ఆగుతూ దక్షిణానికి పోయాడు.

అతను పోయిన కొద్ది రోజులకే జోలా పడవలు వచ్చాయి. సిబెత్ కూర్చునే చోట ఎవరో చిన్నపిల్ల కూర్చుని ఉంది. వదిన ముందు తిట్టింది, నా బానిస ఏదని. ఎవరూ తిరిగి తిట్టలేదు. జోలా మనిషి తిట్టుకు తిట్టు చెప్పకపోతే ఏదో అయిందన్నమాట. వాళ్ళలో పెద్దావిడ చెప్పింది. కడుపులో గడ్డ. వానల నుంచీ మంచం మీదే ఉంది. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కబురు ఏడుస్తూ చెప్పకండి, మేము ఎప్పుడూ చెప్పుకునే తీరులోనే చెప్పండి అని సిబెత్ ఒట్టు పెట్టిందట.

వదిన దక్షిణం వైపు చూసింది. "ఆ మాట లాతీర్ దగ్గర ఉంది" అంది.

"ఏ మాట వదినా?"

"నా మాట. చావడానికి సెలవు లేదన్న మాట. అది చచ్చిపోతుంటే, వాడు పోయి దాని మంచం దగ్గర నిలబడి ఆ మాట చెప్తాడు." కొంగు నడుముకు బిగించింది. "వాడు సముద్రం మీద ఆగి ఆగి పోతాడు. మనం నేల మీద పోదాం. వాడికంటే ముందు పోవాలి, దిబోర్. ఆ మాట దాని చెవిన పడకూడదు."

దీవి దాటని మనిషి దాటుతానంటోంది. మూట కట్టాను. పడవ ఎక్కబోతూ వదిన నీళ్ళలో ఆగిపోయింది. వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, మళ్ళీ వదిలేసింది. నెమ్మదిగా, నేను వినకూడదన్నట్టు, "వచ్చేస్తాను నాన్నా. నాలుగు రోజుల్లో వచ్చేస్తాను. ఎక్కడికీ పోకు" అంది. పడవవాడు తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆ ప్రయాణం గురించి చెప్పడానికి ఏముంది? జనాన్ని కుక్కిన పాత కారు, దుమ్ము, సరిహద్దులో కాగితాల కోసం నిలబడడం. వదిన దారంతా వాంతులు చేసుకుంది. తెరిపి దొరికినప్పుడల్లా సిబెత్‌తో ఏం మాట్లాడాలో నన్ను అడిగి నేర్చుకుంది. "చెల్లీ, నీకేం కాదు. దేవుడు చల్లగా చూస్తాడు" అని నా ముందు చెప్పి చూపించింది. ఆ మాటలు ఆమె నోట్లో అరువు తెచ్చుకున్న చెప్పుల్లా ఉన్నాయి. నాకు నవ్వు రావాలి, రాలేదు. ఆ వాకిట్లో చెయ్యి కడుక్కుంటూ సిబెత్ అన్న మాట ఆ కారులో మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. గుర్తు వచ్చినా భయం ముందు నిలిచేది కాదేమో.

సిబెత్ ఊరి రేవుకు చేరేసరికి లాతీర్ పడవ అక్కడ కట్టేసి ఉంది.

వదిన ఆ పడవ వైపు పరుగెత్తబోయింది. నేను పట్టుకున్నాను. లాతీర్ పడవ అంచున కూర్చుని ఉన్నాడు, మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "నిన్న పొద్దున పూడ్చిపెట్టారక్కా" అన్నాడు.

వదిన వెళ్ళి పడవ అంచు పట్టుకుంది. తరువాత, "నా మాట చెప్పావా దానికి?" అంది.

"లేదక్కా. ముందురోజే చేరాను. ఆ మనిషిని ఆ స్థితిలో చూశాక నాకు నోరు రాలేదు. యాందే అక్క నీ కోసం ఏడుస్తోంది, అల్లాకు మొక్కుకుంటోంది, నిన్ను చల్లగా చూడమని అడుగుతోంది అని చెప్పాను. అబద్ధమే, క్షమించు."

వదిన అతని తల మీద చెయ్యి వేసింది. "నువ్వు కలకాలం బతకాలి తండ్రీ" అంది. నాకూ గుండెల మీంచి బండ దించినట్టయింది. చివరి చూపు దక్కకపోయినా ఆ మాట ఆమె చెవిన పడలేదు కదా అనుకున్నాను.

ఇంటి ముందు సిబెత్ కూతురు ఒదీల్ మాకు ఎదురొచ్చింది. తల్లి పోలికే, ఆ వెడల్పు నుదురు, ఆ నడక. మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. వదిన తాగలేదు. ఎలా పోయిందమ్మా అని అడిగింది.

ఒదీల్ తల్లి చివరి రోజుల సంగతి చెప్పింది. రేవులోకి పడవ వచ్చిందని తెలిస్తే చాలు, సిబెత్ యాందే ఏమందో కనుక్కోమని పంపేదట. నొప్పి ఎక్కువైనప్పుడు, అది ఈసారి ఏం తిడుతుందో విని పోతాను అనేదట. ఫలానా తిట్టు తిడుతుంది, కాదు ఫలానాది తిడుతుంది అని కూతురితో పందేలు కాసేదట. లాతీర్ వచ్చినప్పుడు తనను లేపి కూర్చోబెట్టమందట.

"ఆయన చెప్పిందంతా విన్నది పెద్దమ్మా" అంది ఒదీల్. "విని, అంతేనా అని అడిగింది. అంతే అన్నాడు. ఇంకేం తిట్టలేదా అని అడిగింది. లేదన్నాడు. ఇక గోడవైపు తిరిగి పడుకుంది. 'ఇది యాందే మాట కాదు. నా కబురు దానికి అందలేదు. దారిలో ఎవరో కల్పించి చెప్పారు' అంది. ఇంకోసారి కబురు పంపమంది. పంపుతానన్నాను. సాయంత్రానికి మాట పడిపోయింది." ఆ పిల్ల మా వదిన మొహంలోకి చూసింది. "నిజంగానే అందలేదా పెద్దమ్మా, మీకు?"

వదిన నోరు తెరిచింది, మూసుకుంది. మా వెనకాల గుమ్మం దగ్గర లాతీర్ నిలబడి అంతా విన్నాడు. అతణ్ణి ఆ క్షణాన పాయలోకి తోసెయ్యాలనిపించింది నాకు. మంచితనం పొంగి పొర్లింది వెధవకి. తోసేదాన్నే, కానీ అతను అప్పటికే గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. పైగా అతను చెప్పిన మాటలు, మా వదిన కారులో నేర్చుకున్న మాటలే. మేము ముందు చేరి ఉంటే మేమూ అవే చెప్పేవాళ్ళం.

"అందింది తల్లీ" అంది వదిన. "నేను జవాబు కూడా పంపాను."

మిగిలింది నేను చెప్పాను, నవ్విన నవ్వుతో సహా. ఒదీల్ వింటూ రెండు చేతులతో నోరు కప్పుకుంది. "పందెం అమ్మే గెలిచేది. సెలవు లేదంటుందని తనే అంది" అంది.

మధ్యాహ్నం ఒదీల్ మమ్మల్ని ఇంటి వెనక పాయకు తీసుకుపోయింది. ఆటుకు నీళ్ళు తీసి ఉన్నాయి. మడచెట్ల మధ్య వరసగా గుంజలు, గుంజల మధ్య తాళ్ళు, తాళ్ళకు గుల్లల దండలు. మా గుల్లలే. మా పాయ గుల్లలు నాకు తెలియవా, వీపు నల్లగా, అంచు వంకరగా. ఏటా గోతాల్లో మోసుకొచ్చినవి. సున్నం కాల్చనే లేదు. ఒక్కో చచ్చిన గుల్ల మీద పిల్ల గుల్లలు గుత్తులుగా పట్టి, పెరిగి, పెద్దవై, తాడు కనబడకుండా మూసేశాయి. అమ్మ వీటిని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, ఇవి నా యజమానురాలి సొత్తు, లెక్క అడుగుతుంది అనేది, అని ఒదీల్ చెప్పింది.

మన దీవిలో ఉన్నప్పుడు ఒక్కసారి కూడా నిన్ను యజమానురాలని ఒప్పుకోలేదు కదా అని నేను వదినతో అందామనుకున్నాను. ఆమె బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక దండను చేత్తో నిమురుతోంది. గుల్లల అంచులకు వేళ్ళు తెగి రక్తం కారుతున్నా తీయలేదు. నేను మాట మింగేశాను.

సెరేర్ మనిషి వచ్చిందని ఊళ్ళో తెలిసింది. సమాధి దగ్గరికి పోయేసరికి ఆడవాళ్ళందరూ చేరి ఉన్నారు. ఎందుకు చేరారో మాకు తెలుసు. జోలా చచ్చిపోతే సెరేర్ వచ్చి తిట్టాలి. తిట్టేవాళ్ళు రాకుండానే సిబెత్‌ను పూడ్చామన్న లోటు వాళ్ళకు ఉంది. ఆ మట్టి ఇంకా తడిగా ఉంది. పైన ఒక చెక్క సిలువ గుచ్చారు.

వదిన కొంగు సర్దుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుంది, మా రేవులో నిలబడ్డట్టే.

"ఒసే బానిసదానా. నా సెలవు లేకుండా చావడానికి వీల్లేదని చెప్పి పంపాను. వాడు చెప్పలేదు. నేను పంపాను, వింటున్నావా? పంపాను."

ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. కొంతమంది చప్పట్లు కొట్టారు. ఒకామె కళ్ళు తుడుచుకుంటూ, ఇలా ఉండాలి అంది.

"కాలం మొదట్లోనే పని వదిలేసి, ఎవర్నడిగి పోయావే?"

ఇంకా పెద్దగా నవ్వారు. అలా నవ్వడమే మర్యాద. నేను మాత్రం నవ్వలేదు. ఆ గొంతు నాకు తెలుసు, చొక్కా పట్టుకుని ఏడ్చిన రోజున విన్నాను.

సెరేర్ తిడితే జోలా జవాబు చెప్పాలి. తల్లి తరఫున చెప్పడానికి ఒదీల్ ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచింది. వదిన చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు కాదమ్మా. అది చెప్తుంది."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వదిన తల కొంచెం పక్కకు వంచి, ఆ మట్టి వైపు చూస్తూ నిలబడింది. పాయలో పోటు నీళ్ళు తిరిగి వస్తున్న చప్పుడు వినిపించింది. పోటు వేళకు మా ఒడ్డున ఉండవలసిన మనిషి అక్కడ నిలబడే ఉంది. నేను పోయి, పద వదినా అని చెయ్యి పట్టుకుంటే, విదిలించుకుంది.